ఏ పని మీద వెళ్తున్నావు?

తిరక్క మగవాడు చెడతాడు, తిరిగి ఆడది చెడుతుంది అని మనకొక సామెత ఉంది. చదువుకున్నవాళ్లు దాన్ని పైకి అనడం తగ్గించారు గానీ, దాని ప్రకారం నడుచుకోవడం తగ్గించలేదు. ‘దేశాలు తిరిగినవాడు’ అంటే లోకజ్ఞానం ఉన్నవాడని అర్థం. ‘ఊళ్లు తిరిగింది’ అంటే ఇక ఆ మనిషి గురించి మాట్లాడేదేమీ లేదని అర్థం. ఒకే క్రియ, మగవాడి పక్కన ఒక విలువ, ఆడదాని పక్కన ఇంకో విలువ. తిరుగుబాటు కూడా ఈ తిరగడంలోంచే పుట్టిందని మనం సభల్లో చెప్పుకున్నాం, చప్పట్లు కొట్టుకున్నాం. అలా చప్పట్లు కొట్టిన మనమే, ఒక స్త్రీ ఊరికే తిరిగొస్తానంటే ఎందుకు ఇబ్బందిగా కదులుతాం? నేనడగదలుచుకున్నది ఇదే.

విషయం చెప్తాను. వచ్చే మే నెలలో నెదర్లాండ్స్‌లో పన్నెండు రోజులు సైకిల్ మీద తిరగడానికి ఏర్పాట్లు చేసుకుంటున్నాను. ఒక్కదాన్నే. నాకు 51 ఏళ్లు. సైకిల్ తొక్కడం నేర్చుకుని మూడేళ్లయింది. ఇంతవరకు దేశం దాటలేదు. ఒంగోలులో ఒక మహిళా సంస్థలో పాతికేళ్లుగా పనిచేస్తున్నాను.

ఈ మాట చెప్పగానే బంధువులు అడిగిన మొదటి ప్రశ్న, “ఎవరితో?” దానికి జవాబు చెప్పడం మనకు అలవాటే. పాతికేళ్లుగా ఊరూరా ఇతర స్త్రీల తరఫున చెప్పిన జవాబే నా తరఫున నేను చెప్పుకున్నాను. నన్ను తడబెట్టింది ఆ ప్రశ్న కాదు. సంస్థలోని మిత్రులు, ఉద్యమంలో నా పక్కన నడిచినవాళ్లు అడిగిన రెండో ప్రశ్న. “ఏ పని మీద?”

మా సంస్థ సెలవు ఫారంలో ‘కారణం’ అని ఒక గడి ఉంటుంది. అందులో ‘తిరగడానికి’ అని రాశాను. ఫారం వెనక్కి వచ్చింది. కార్యవర్గంలో ఒక పెద్దావిడ, నా మంచి కోరే మనిషి, పిలిచి కూర్చోబెట్టి ఇలా అన్నారు: “అమ్మాయ్, అధ్యయన యాత్ర అని రాయి. అక్కడ ఒకటి రెండు మహిళా సంఘాలను కలువు. రాగానే ఒక నివేదిక ఇవ్వు. అప్పుడు ఎవరూ వేలెత్తి చూపరు. వీలైతే కొంత ఖర్చు కూడా సర్దవచ్చు.” ఆమె చెప్పింది తెలివైన సలహానే. ఆ ఒక్క మాట రాస్తే నా సెలవు ఆ సాయంత్రమే మంజూరయ్యేది. నేను రాయలేదు. ఫారం అదే మాటతో మళ్లీ ఇచ్చాను. ఇది రాస్తున్న రోజుకి అది ఇంకా కార్యవర్గం దగ్గరే ఉంది.

ఎందుకింత మొండితనం అని కొందరు అడిగారు. మొండితనం కాదు. ఆ గడిలో పెట్టే అబద్ధం నా ఒక్కదానిదీ కాదు, నిన్న మొన్నటిదీ కాదు. ఆడదాని కదలికకు ఎప్పుడూ ఒక పని చూపించాలి. నీళ్లు, కట్టెలు, బజారు, గుడి, పురుడు, చావు, పిల్లల బడి, డ్వాక్రా మీటింగు. పనికి పట్టే సమయం ఎంతో దారికి అంతే సమయం. దానికి పది నిమిషాలు మించితే సంజాయిషీ. మగవాడు సెంటర్లో టీ కొట్టు దగ్గర గంట నిలబడితే ఏ పని మీద నిలబడ్డావని అడిగినవాళ్లను నేను చూడలేదు. ముంబయిలో ముగ్గురు పరిశోధకులు, శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే, 2011లో ‘వై లాయిటర్?’ అని ఒక పుస్తకమే రాశారు. పని లేకుండా వీధిలో నిలబడే హక్కు ఆడవాళ్లకు కావాలన్నది వాళ్ల వాదన. ఆ పుస్తకం వచ్చినప్పుడు మా గ్రంథాలయానికీ కొన్నాం. బీరువాలో ఉంది.

మనం చేసినదాన్ని తక్కువ చేయడం లేదు. 1991 తర్వాత తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలాదిమంది గ్రామీణ స్త్రీలు సైకిల్ నేర్చుకున్నారు. షీలారాణి చుంకత్ అనే మహిళా కలెక్టరు దానికి అండగా నిలిచారు. ఆ కథ మనందరం శిక్షణా తరగతుల్లో ఎన్నిసార్లు చెప్పలేదు! బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోవడానికి 2,000 రూపాయలు ఇచ్చారు. దానివల్ల హైస్కూలులో చేరే ఆడపిల్లల సంఖ్య దాదాపు మూడోవంతు పెరిగిందని ఆర్థికవేత్తలు లెక్కగట్టి చూపించారు. చాలా గొప్ప సంగతులు ఇవి. కానీ ఈ కథల్ని మనం ఎలా చెప్పామో గమనించండి. సైకిల్ ఎక్కిన ఆడది నీళ్లు తెచ్చింది, పొలానికి సద్ది తీసుకెళ్లింది, బడికి పోయింది, రాబడి పెంచింది. సాయంత్రం పని ముగించుకుని, చెరువుగట్టు మీద అటు చివరిదాకా ఊరికే తొక్కి వచ్చిన ఆమె గురించి ఏ నివేదికలోనూ రాయలేదు. రాస్తే నిధులిచ్చేవాళ్లు దాన్ని ఏ గడిలో వేసుకుంటారు?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక ప్రశ్న ఉంది. బజారుకు, ఆస్పత్రికి, ఊరు దాటి బయటికి ఒంటరిగా వెళ్లడానికి మీకు అనుమతి ఉందా అని అడుగుతారు. 2019–21 సర్వేలో ఈ మూడు చోట్లకీ ఒంటరిగా వెళ్లగలమన్నవాళ్లు నూటికి 42 మంది. ఈ అంకెను మనం పోస్టర్ల మీద వేశాం. ‘అనుమతి’ అన్న మాట మీద కూడా ఒక పోస్టరు వేయాల్సింది. మగవాళ్లను ఆ ప్రశ్న ఎవరూ అడగరు కదా.

ఇక అసలు ఆరోపణకు వస్తాను. ఇది మధ్యతరగతి సరదా, వరకట్నపు చావుల మధ్య, కూలి రేట్ల మధ్య, యూరప్‌లో సైకిల్ యాత్ర స్త్రీల సమస్యా? చాటుగా అన్నవాళ్లున్నారు, ఎదురుగా అడిగినవాళ్లూ ఉన్నారు. ఎదురుగా అడిగినవాళ్లంటే నాకు గౌరవం.

డబ్బు లెక్క దాచడం ఎందుకు? విమానం టికెట్టు, వీసా, బీమా, అక్కడ సైకిల్ అద్దె, బస, తిండి కలిపి రెండున్నర లక్షలకు కుదించాలని చూస్తున్నాను. నాలుగేళ్లు నెలనెలా దాచిన సొమ్ము. తక్కువేమీ కాదు. మా ఊళ్లో వ్యవసాయ కూలీకి ఏడాది పొడుగునా పని దొరికినా చేతికి రాని సొమ్ము. ఆ సంగతి నాకు తెలుసు. అయితే 2025లో తులం బంగారం లక్ష దాటింది. అదే డబ్బుతో బంగారం కొని మెడలో వేసుకుని ఉంటే నా వర్గ స్వభావం గురించి ఒక్కరూ చర్చ పెట్టేవాళ్లు కాదు. గృహప్రవేశానికి అయిదు వందలమందికి భోజనాలు పెడితే మిత్రులంతా వచ్చి తిని వెళ్లేవాళ్లు. ఆడది డబ్బును మెడకు వేసుకోవచ్చు, ఇంటికి పెట్టొచ్చు, కూతురికి ఇవ్వొచ్చు. కాళ్లకు పెట్టుకుంటే మాత్రం విలాసం.

ఇంకో మాట. ఒంటరిగా విదేశాలకు వెళ్లడం మధ్యతరగతి స్త్రీలతో మొదలైందని ఎవరు చెప్పారు? కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఎన్ని వేలమంది అక్కచెల్లెళ్లు కువైట్‌కు, మస్కట్‌కు వెళ్లారు! భాష రాదు, తోడు లేదు, దిగాక ఏ ఇంటికి తీసుకెళ్తారో తెలియదు. దాన్ని ఎవరూ సాహసయాత్ర అనలేదు. ఎందుకంటే దానికి ఒక పని ఉంది. ఆమె పంపే డబ్బుతో ఇక్కడ ఇల్లు లేస్తుంది. వాళ్ల కోసం రాజ్యం చేసిన ‘రక్షణ’ కూడా చూడండి. ముప్పై ఏళ్లు నిండని స్త్రీకి ఇంటిపని కోసం గల్ఫ్ వెళ్లే అనుమతి ఇవ్వని నిబంధన పెట్టారు. నిబంధన వల్ల వెళ్లడం ఆగిందా? దొంగదారి ఏజెంట్లకు గిరాకీ పెరిగింది, విజిట్ వీసా మీద వెళ్లి ఏ లెక్కలోనూ లేకుండా పోయినవాళ్లు పెరిగారు. రక్షణ పేరుతో దారి మూస్తే ప్రమాదం తగ్గదు, చీకట్లోకి జరుగుతుంది.

నా ప్రయాణం ఎలా ఏర్పాటు చేసుకోవాలో నాకు అందరికంటే బాగా చెప్పింది అలాంటి ఒక అక్క. రాయచోటి ప్రాంతం మనిషి, కువైట్‌లో తొమ్మిదేళ్లు పనిచేసి వచ్చింది. కడపలో ఒక సమావేశంలో కలిసింది. నేను సైకిల్ మీద తిరగడానికి వెళ్తున్నానంటే ఆమె నవ్వలేదు. ఏ పని మీద అని కూడా అడగలేదు. “పాసుపోర్టు యెవురడిగినా ఇయ్యాకు చెల్లీ. సూపిచ్చు, మళ్లా తీసుకో. నాది ఇల్లు సొంతమయ్యేదాకా వాళ్ల బీరువాలోనే ఉండె” అంది. ‘ఇల్లు సొంతమయ్యేదాకా’ అంటే ఆమె భాషలో తిరిగి మన ఊరు చేరేదాకా అని. డబ్బు మూడు చోట్ల పెట్టమంది. మన ఎంబసీ నంబరు ఫోనులో కాదు, బట్టల్లో కుట్టుకోమంది. దిగిన రోజే ఒక మనిషితో మాట కలుపుకోమంది, ఎవరైనా సరే, ఊడ్చే మనిషైనా సరే. ఆ సలహాలన్నీ నోటుబుక్కులో మొదటి పేజీలో రాసుకున్నాను. చివరికి ఆమె, “తొమ్మిదేండ్లు ఆ దేశంలో ఉండాను, సముద్రం ఒక తూరి గూడా సూడల్యా. కారు అద్దంలోంచి సూసిందే” అంది. కువైట్ నగరం సముద్రం ఒడ్డునే ఉంది. పని ఉన్న ప్రయాణం అంటే అదీ. మనం కోరుకునే సమానత్వంలో ఆ సముద్రానికి చోటు లేదా?

కాగితాల సంగతి కొంత వివరంగా రాస్తాను, మనలో ఎవరికైనా పనికొస్తుంది. విదేశాలకు వెళ్లే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన వ్యక్తి స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది, 1978లో మేనకా గాంధీ కేసులో ఇంకా గట్టిగా చెప్పింది. 2016 డిసెంబరులో మారిన నిబంధనల తర్వాత పాస్‌పోర్టుకు పెళ్లి సర్టిఫికెట్టు జతచేయనక్కర్లేదు. అయినా 2025లో మద్రాసు హైకోర్టు మళ్లీ ఒకసారి, భార్య పాస్‌పోర్టుకు భర్త సంతకం అడగడానికి వీల్లేదని తీర్పు చెప్పాల్సి వచ్చింది. అర్జీ పెట్టుకున్న స్త్రీకి ఆఫీసులో భర్త సంతకం తెమ్మన్నారు. భర్తతో విడాకుల కేసు నడుస్తోంది! యాభై ఏళ్ల తీర్పులు ఒకవైపు, కౌంటరు వెనక కూర్చున్న మనిషి మనసులో ఉన్న చట్టం ఒకవైపు.

నేను పాస్‌పోర్టు గొడవ లేకుండానే తెచ్చుకున్నాను. వీసా దగ్గర మొదలైంది. నెదర్లాండ్స్‌కు షెంగెన్ వీసా కావాలి. రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు చాలే బీమా ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, 15 రోజుల కంటే ఆలస్యం చేయకూడదు. ఏ రాత్రి ఎక్కడ ఉంటామో చూపించాలి. సైకిల్ మీద తిరిగేవాళ్లకు ఇది చిక్కే. ఎదురుగాలి వస్తే అనుకున్న ఊరు చేరం. అందుకే రోజుకు 40 కిలోమీటర్లు మించకుండా, మధ్యలో రెండు రోజులు ఖాళీ ఉంచి బసలు రాసుకున్నాను. అక్కడ సైకిల్ మీద, కాలినడకన తిరిగేవాళ్లకు తమ ఇళ్లలో గది ఇచ్చే కుటుంబాల సంఘం ఒకటుంది, ‘ఫ్రీండెన్ ఓప్ ద ఫీట్స్’, సైకిల్ మీది స్నేహితులు అని అర్థం. హోటళ్ల కంటే చాలా చవక.

అన్నిటికంటే పెద్ద కాగితం కంటికి కనిపించనిది. తిరిగి మన దేశానికి వస్తామని వాళ్లకు నమ్మకం కలగాలి. లేకపోతే వీసా నిరాకరించవచ్చు. నమ్మకం దేనివల్ల కలుగుతుంది? ఉద్యోగం, ఆస్తి, కుటుంబం. ఇల్లు మా మామగారి పేరు మీద ఉంది. పొలం నా సహచరుడి పేరు మీద ఉంది. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం మన దేశంలో సాగుచేసే కమతాలలో స్త్రీల చేతిలో ఉన్నవి దాదాపు 14 శాతమే. భూమి హక్కు గురించి మాట్లాడినప్పుడు మనం తిండి గురించి, భద్రత గురించి చెప్పాం. భూమి లేని మనిషి తాను తిరిగొస్తానని కూడా రుజువు చేసుకోలేదని వీసా కాగితాలు సర్దుతున్నప్పుడు తెలిసింది. మా ఊరి ఏజెంటు దానికి తేలిక మార్గం చూపించాడు. “సార్ చేత ఒక లెటర్ రాయించండి మేడమ్, నా భార్యను పంపిస్తున్నాను అని.” షెంగెన్ వీసా నియమావళిలో భర్త అనుమతిపత్రం అనేది ఎక్కడా లేదు. “లేదని నాకూ తెలుసు మేడమ్, ఉంటే మంచిది” అన్నాడు. నాకు ఉద్యోగం ఉంది, బ్యాంకు ఖాతా ఉంది, పన్ను కట్టిన కాగితం ఉంది. అవే పెట్టాను.

‘పంపించడం’ అనే క్రియ సంగతి కూడా చెప్పాలి. నా సహచరుడు మంచివాడే. నేను లేని పన్నెండు రోజులూ వండుకుంటాడు, అత్తగారి మందులు చూసుకుంటాడు. దానికి ఆయనకు దక్కుతున్న కీర్తి మాత్రం వింతగా ఉంది. “ఎంత పెద్ద మనసు, భార్యను ఒక్కదాన్నే పంపిస్తున్నాడు!” అని వీధి వీధంతా మెచ్చుకుంటోంది. నాలుగేళ్లు డబ్బు దాచింది నేను, తొక్కేది నేను, పంపించేది ఆయనట! “నేనేం పంపడం లేదండీ, తను వెళ్తోంది” అని ఆయన చెప్తే, అంత వినయమా అని మళ్లీ ఆయన్నే పొగుడుతున్నారు.

ఇక భద్రత. ఈ పదం వినగానే మనలో చాలామంది కూడా మెత్తబడతారు. 2024 మార్చిలో జార్ఖండ్‌లోని దుమ్కా జిల్లాలో ఒక విదేశీ పర్యాటకురాలి మీద సామూహిక అత్యాచారం జరిగింది. ఆమె ఒంటరిగా రాలేదు. భర్తతో కలిసి మోటారుసైకిళ్ల మీద వచ్చింది. భర్తను కొట్టారు. తోడు ఉంటే రక్షణ అనే వాదనకు అంతకంటే క్రూరమైన జవాబు ఉండదు. జాతీయ నేర గణాంకాలు ఏటా చెప్పేదేమిటి? నమోదైన అత్యాచార కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నేరస్థుడు ఆమెకు తెలిసినవాడే. పాతికేళ్లలో మా సంస్థ మెట్లెక్కిన స్త్రీలలో దెబ్బలు తిన్నవాళ్లు ఎక్కువమంది ఇంట్లో తిన్నారు. అయినా ఇంట్లో ఉన్నవాళ్లను ఎవరూ “జాగ్రత్తమ్మా, ఒక్కదానివే ఆ ఇంట్లో ఉంటున్నావు” అని హెచ్చరించరు.

రోడ్డు భద్రంగా ఉండడం అనేది ఆకాశం నుంచి ఊడిపడదు. నెదర్లాండ్స్‌ని ఎంచుకోవడానికి నాకున్న కారణాల్లో ఒకటి ఇదే. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 3,000 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు, యువకులు వీధుల్లో బైఠాయించారు. ‘పిల్లల హత్యలు ఆపండి’ అన్నదే ఆ ఉద్యమం పేరు. దాని మొదటి అధ్యక్షురాలు మార్త్యె వాన్ పుట్టెన్ అనే యువతి. ఈనాడు మనం ఫొటోల్లో చూసే ఎర్ర సైకిల్ దారులు చాలామటుకు ఆ పోరాటాల తర్వాత వచ్చినవే. పిల్లల్ని ఇంట్లో పెట్టుకోండని చెప్పి ఊరుకుని ఉంటే రోడ్లు కార్లకే మిగిలేవి. అదే దేశంలో 1956లో చట్టం మారేదాకా పెళ్లయిన స్త్రీ భర్త అనుమతి లేకుండా బ్యాంకు ఖాతా తెరవడానికి కూడా లేదన్నది గుర్తుంచుకోండి.

అది స్వర్గమేమీ కాదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో వీధి పక్కన మగవాళ్లకు మూత్రశాలలు ఉన్నాయి, ఆడవాళ్లకు అరుదు. మరుగుదొడ్డి దొరక్క రాత్రివేళ వీధిలో కూర్చున్న ఒక యువతికి జరిమానా వేశారు. 2017లో ఆ కేసు విన్న జడ్జి, మగవాళ్ల మూత్రశాల వాడుకోవలసింది కదా అన్నాడు. ఆడవాళ్లు ఆ మూత్రశాలల దగ్గరికే వెళ్లి నిరసన తెలిపారు. మనకిది పరాయి కథ కాదు. బస్సు ఎక్కేముందు నీళ్లు తాగడం మానేసే అలవాటు మనలో ఎవరికి లేదు? సైకిల్ తొక్కేటప్పుడు నీళ్లు మానేస్తే పడిపోతాం. అందుకే నా దారి కాగితంలో కొండలు, వంతెనల కంటే ముందు రాసుకున్నవి లైబ్రరీలు, కాఫీ హోటళ్లు, రైల్వే స్టేషన్లు.

కొత్తగా తొక్కేవాళ్లకు అక్కడ ఇబ్బంది పెట్టేవి వేరే ఉన్నాయి. బండి కుడివైపు నడపాలి. అద్దె సైకిళ్లలో చాలావాటికి పెడలు వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది. మన అలవాటు ప్రకారం కాలు ఊరికే వెనక్కి తిప్పితే ఆగిపోతాం. అక్కడి మనుషులు పొడుగు, సైకిళ్లూ పొడుగే, నా ఎత్తు అయిదడుగులు. ఎత్తు, కాలి పొడవు ముందే రాసి పంపి చిన్న ఫ్రేము ఉంచమని అడిగాను. చక్రానికి బట్ట చుట్టుకోకుండా అడ్డు, గొలుసుకు పూర్తి మూత ఉంటాయి కాబట్టి చుడీదారుతో తొక్కొచ్చు, ప్రత్యేకమైన బట్టలు కొననక్కర్లేదు. రోడ్డు మీద తెల్ల త్రిభుజాల మొన మనవైపు ఉంటే మనం ఆగి ఎదుటివాళ్లకు దారివ్వాలి. దారి తప్పడం కష్టం. ప్రతి కూడలికీ ఒక నంబరు, ఒక బోర్డు. బెల్జియంలో బొగ్గుగనుల ప్రాంతమైన లింబర్గ్‌లో 1995లో మొదలైన పద్ధతి అది, తర్వాత నెదర్లాండ్స్ అంతటా వచ్చింది. వరసగా నంబర్లు కాగితం మీద రాసి హ్యాండిల్‌కి అంటించుకుంటే చాలు. రైల్లో సైకిల్ ఎక్కించడానికి టికెట్టు ఉంది, ఆఫీసుల రద్దీ వేళల్లో మాత్రం ఎక్కనివ్వరు.

కొండలు లేని దేశం కదా, తేలిక అనుకుంటారు. కొండకు బదులు గాలి ఉంది. అది ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. అందుకని ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ముందు లోపలి దారిన ఊట్రెక్ట్, హౌదా మీదుగా కిందికి దిగి, కిండర్‌డైక్ గాలిమరలు చూసి, రోటర్‌డామ్ దాటి సముద్రం చేరి, అక్కడి నుంచి తీరం వెంట ఉత్తరానికి హేగ్, హార్లెమ్ మీదుగా వచ్చేలా గీసుకున్నాను. మొత్తం 350 కిలోమీటర్ల లోపే. అభ్యాసం కొత్తపట్నం రోడ్డు మీద. మధ్యాహ్నం పూట సముద్రపు గాలికి ఎదురుగా, వెనక క్యారియర్‌కి రెండు పక్కలా నాలుగేసి కిలోల బియ్యం సంచులు కట్టుకుని. పంచరు వేయడం మా వీధి చివర సైకిల్ షాపాయన దగ్గర నేర్చుకున్నాను. మొదట ఆయన “మీకెందుకమ్మా, నేను వేస్తా కదా” అన్నాడు. నాలుగో రోజుకి టైరు లివర్లు నా చేతికిచ్చి బీడీ వెలిగించుకున్నాడు.

ఈ వయసులోనా అనేవాళ్లకు ఫ్రాన్సిస్ విలార్డ్ గురించి చెప్తాను. అమెరికాలో మద్యం వ్యతిరేక ఉద్యమానికి, స్త్రీల ఓటుహక్కుకు నాయకత్వం వహించిన మనిషి. 53వ ఏట సైకిల్ నేర్చుకుని 1895లో దాని మీద ఒక పుస్తకం రాసింది. సైకిల్ తొక్కితే ఆడవాళ్ల ముఖం వికారంగా మారిపోతుందని డాక్టర్లు భయపెట్టిన రోజులవి. 1992లో దూబగుంట స్త్రీలతో కలిసి సారా దుకాణాలు మూయించిన మన నెల్లూరు, ప్రకాశం అక్కచెల్లెళ్లకు ఆమె పరాయిది కాదు. మనం సారా ఉద్యమం చేశాం, సైకిల్ మాత్రం పక్కన పెట్టాం.

హార్లెమ్ దగ్గర ఇసుకదిబ్బల్లో హానీ షాఫ్ట్ సమాధి ఉంది. నాజీలకు వ్యతిరేకంగా ఆయుధం పట్టిన న్యాయశాస్త్ర విద్యార్థిని. ఆమె, ట్రూస్, ఫ్రెడ్డీ ఓవర్‌స్టేహన్ అనే అక్కచెల్లెళ్లు సైకిళ్ల మీద తిరిగి పనులు చేశారు. యుద్ధం ముగియడానికి మూడు వారాల ముందు, 1945 ఏప్రిల్ 17న, హానీని కాల్చి చంపారు. నేనక్కడ ఒక పూట ఆగాలనుకుంటున్నాను. చూశారా, నాకు తెలియకుండానే ప్రయాణానికి ఒక గౌరవప్రదమైన కారణం వెతుక్కుంటున్నాను! దీన్ని కార్యవర్గం లెక్కలో వేయవద్దని మనవి. ఆ రోజు వాన పడితే ఆగకుండానే వచ్చేస్తాను.

మన సంస్థలను నేనడిగేది ఎక్కువేమీ కాదు. సెలవు ఫారంలో కారణం గడి తీసేయండి. రోజులెన్నో రాస్తే చాలు. ఏడాదికి పది రోజులు కార్యకర్తలు ఎక్కడికైనా, ఎవరితోనైనా, ఎవరూ లేకుండానైనా వెళ్లొచ్చని సర్వీసు నిబంధనల్లో రాయండి. గ్రామస్థాయి కార్యకర్తలకు కూడా, వాళ్లకే ముందు. పొదుపు సంఘాల అప్పులకు పశువులు, కుట్టుమిషన్లు, పెళ్లిళ్లు కారణాలుగా ఒప్పుకుంటున్నాం. సైకిల్‌కు, బస్సు చార్జీలకు, సముద్రం చూసి రావడానికి కూడా ఒప్పుకుందాం. తిరిగి కడతారా అని అనుమానపడేవాళ్లు పాతికేళ్ల పొదుపు పుస్తకాలు తిరగేయండి.

ఆదివారాలు పొద్దున అయిదున్నరకు మా ఆఫీసు ముందు నుంచి బయల్దేరుతున్నాం. ఇద్దరితో మొదలై ఇప్పుడు ఏడుగురం. ముగ్గురికి ఇంకా సీటు పట్టుకోవాలి. లేడీస్ సైకిళ్లు రెండున్నాయి, ఇంకొకటి ఎవరైనా వాడకుండా పెట్టి ఉంటే ఇవ్వండి, బ్రేకులు లేకపోయినా పర్వాలేదు, బిగించుకుంటాం. కొత్తపట్నం దాకా వెళ్లి, ఇసుకలో కాసేపు కూర్చుని, ఎనిమిదింటికల్లా వచ్చేస్తాం.